గల్లా వెనక ఎర్ర మెత్త

హోసూరులో మా కిరాణా అంగడికి ఒక కట్టుబాటు ఉంది. గల్లాపెట్టె వెనక ఎర్ర మెత్త మీద కూర్చున్నవాళ్ళు ఎవరొచ్చినా లేవకూడదు. అల్లుడొచ్చినా, కలెక్టరొచ్చినా సరే. లేస్తే లక్ష్మి కూడా లేచిపోతుందని మా తాత నమ్మకం, ఆయన తర్వాత మా నాన్న నమ్మకం. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఆ మెత్త మీద ఆడపిల్ల కూర్చోకూడదు.

చిన్నప్పుడు నాకు ఆ మెత్త తప్ప వేరే ఆశ లేదు. తూకం, పొట్లం, బేరం అన్నీ తమ్ముడికంటే నాకే బాగా వచ్చు. కూర్చుంటానంటే నాన్న నవ్వేవాడు.

"ఆడబిడ్డ కూచుంటే మన లక్ష్మి నీ వెంబడే అత్తగారింటికి పోతాదమ్మా. ఆడ నిలబడి పొట్లాలు కట్టు."

తమ్ముడు మాత్రం దర్జాగా ఆ మెత్త మీద కునికిపాట్లు పడేవాడు. నాకు ఒళ్ళు మండేది. ఆ మంటతోనే డిగ్రీ కాగానే సైన్యానికి దరఖాస్తు పెట్టాను. దేశభక్తి అని ఉపన్యాసాల్లో చెబుతుంటాను గాని, అది తర్వాత వచ్చింది.

సైన్యంలోనూ మొదట అదే మాట. ఆడవాళ్ళు పని చేయొచ్చు, యూనిట్‌ను నడిపే కుర్చీ మాత్రం అడగకూడదు. అడిగాం. ఆలస్యంగా ఇచ్చారు. మంచుకొండల మీది శిబిరాలకు పప్పు, కిరోసిన్ చేర్చడం నా పని. అంటే అంగడి పనే, కాస్త పెద్దది. ఇప్పుడు బ్రిగేడియర్ని. నేను గదిలోకి వస్తే అందరూ లేస్తారు. నాకంటే పెద్దవాళ్ళు వస్తే నేను లేస్తాను. ఇన్నేళ్ళలో కాళ్ళకు అదే అలవాటైపోయింది.

మొన్న సెలవులో ఇంటికి వచ్చాను. తమ్ముడు కృష్ణగిరిలో ఉన్న మా రెండో అంగడికి వెళ్ళాడు. నాన్నకు అన్నం వేళయింది. మెత్త మీంచి లేచి, మోకాళ్ళు పట్టుకుని కాసేపు నిలబడి, నా వైపు చూడకుండానే అన్నాడు.

"కూచోమ్మా. తినేసి వస్తా."

కూర్చున్నాను. దూది ఎప్పుడో అణిగిపోయింది, మెత్త చెక్కలా ఉంది. యూనిట్ కుర్చీలో మొదటిసారి కూర్చున్న రోజు కూడా నేనింత సర్దుకుని కూర్చోలేదు.

బేరిగై నుంచి వచ్చిన రైతు ఒకాయన బెల్లం కొంటూ నన్ను పరకాయించి చూశాడు.

"మిలిట్రీలో ఉండే కూతురు నువ్వేనా అమ్మా? నీ చేతి పొట్లాలు శానా తీసుకపోయినాను. ఆడ ఏం పని నీకు?"

"ఇదే పనప్పా."

"అయితే మేలే," అంటూ చిల్లర తీసుకుని పోయాడు.

అంతలో నాన్న తిరిగి వచ్చాడు. గడపలో ఆయన కనబడగానే నేను నిటారుగా లేచి నిలబడ్డాను.

నాన్న ముఖం మాడిపోయింది. "ఏమమ్మా, గల్లా మీద కూచున్నోళ్ళు లేస్తారా? నేనొస్తే మాత్రం?"

"తప్పయింది నాయనా," అంటూ మెత్త ఆయనకు వదలబోయాను. ఆయన రాలేదు. పొట్లాలు కట్టే బల్ల దగ్గరికి, చిన్నప్పుడు నేను నిలబడిన చోటికి వెళ్ళి, దారం ఉండ చేతిలోకి తీసుకున్నాడు.

"కూచో," అన్నాడు. "బేరాల వేళ."