డాక్టరమ్మ కారు వెనక టైర్లు

2003లో మదనపల్లెలో పుంగనూరు రోడ్డు మీద నాకు టైర్ల అంగడి ఉండేది. ఇప్పటికీ ఉంది. అప్పట్లో నా పనిలో ముప్పాతిక భాగం ట్రాక్టర్లు, టమోటా లోడు తోలే టెంపోలు. కార్ల పని కొత్తగా మొదలుపెట్టి, టైరు విప్పి ఎక్కించే మిషను, బ్యాలెన్సింగ్ మిషను తెచ్చుకున్నాను. బ్యాలెన్సింగ్ అంటే చక్రం ఊగకుండా తిరిగేందుకు రిమ్ముకు చిన్న సీసం ముక్కలు అంటించడం. నాకు తెలిసి చుట్టుపక్కల ఇంకెవరి దగ్గరా ఆ మిషన్లు లేవు. అందుకే డాక్టరమ్మ కారు పని నా చేతికి వచ్చింది, నా చేతిలోనే చెడింది.

డాక్టరమ్మ పేరు గ్రేసమ్మ, మా ఊరి మిషన్ ఆసుపత్రిలో పనిచేసేవారు. యాభై అయిదేళ్ళ మనిషి. కొంగు నడుముకు దోపుకుని ఎర్రటి స్పోర్ట్స్ మోడల్ చిన్న కారు తోలేవారు. బెంగళూరులో ఎవరి దగ్గరో కొన్నారు. ప్రతి గురువారం పుంగనూరు, వి.కోట మీదుగా కుప్పం పోయి రోగుల్ని చూసి వచ్చేవారు. ఆ కారుకు మామూలు టైర్లు చాలవు. వేగంగా పోయినా మలుపులో పట్టు తప్పని వెడల్పు టైర్లు కావాలి. అలాంటివి నా దగ్గర ఒక రకం, పుంగనూరులో మునెప్ప దగ్గర ఇంకో రకం ఉండేవి.

"నాగరాజూ, నీవి ఒక నెల, మునెప్పవి ఒక నెల తోలి చూస్తా. రెండూ నువ్వే బిగించు" అన్నారు డాక్టరమ్మ.

మునెప్పకు ఫోను చేస్తే నవ్వాడు. "నీకాడ మిషను ఉండాది. నాకాడ రెండు లీవర్లు, నా మోకాలు ఉండాయి. నువ్వే బిగించప్పా. నీమీద నాకేం అనుమానం?"

ఆ మనిషి లారీ టైర్లకు రీట్రెడింగ్ చేసి, అంటే అరిగిన టైరుకు కొత్త రబ్బరు అతికించి, బతికినవాడు. అప్పుడే అంగడి ముందర 'కారు టైర్లు' అని కొత్త బోర్డు పెట్టించి సరుకు తెప్పించాడు. కుప్పంలో గ్రానైట్ వ్యాపారులు, టాక్సీలవాళ్ళు డాక్టరమ్మ ఏది మేలంటే అది కొందామని కాచుకుని ఉన్నారు. ఆ బోర్డు నిలిచేదీ దిగేదీ ఆమె నోటిమాట మీదే.

మొదటి నెల నా టైర్లు నడిచాయి. డాక్టరమ్మ అన్నీ నోటుబుక్కులో రాసేవారు. హార్స్లీ హిల్స్ ఘాట్‌లో ఒకే మలుపు, ఒకే వేగం. బ్రేకు వేస్తే ఎక్కడ ఆగిందో అక్కడ రాయి పెట్టేవారు. టైరు చప్పుడుకు ఆమె కొలత వేరే: కీర్తనల క్యాసెట్టు ఎంత వాల్యూము పెడితే వినబడుతుందో అంత. నా టైర్లకు నాలుగు దగ్గర వినబడింది.

రెండో నెల మునెప్ప టైర్లు బస్సు టాపు మీద వచ్చాయి. అవి డైరెక్షనల్ టైర్లు. ట్రెడ్, అంటే నేలకు ఆనే చారల భాగం, బాణం ఆకారంలో ఉంటుంది. ఒక దిక్కుకే తిరగాలని పక్కన బాణం గుర్తు కూడా వేసి ఉంటుంది. కారు టైర్లలో అలాంటివి నేను చూడటం అదే మొదలు. కానీ ట్రాక్టరు టైర్లు అలాంటివేగా! ఆ టైర్లను ట్రాక్టరు వెనక తగిలించే నీళ్ళ ట్యాంకర్లకు వేసేటప్పుడు మేము తిరగేసి బిగించేవాళ్ళం. లాగే చక్రానికి ఒక దిక్కు, వెంట దొర్లే చక్రానికి ఎదురు దిక్కు. ఈ కారును లాగేది ముందు చక్రాలు. కాబట్టి ముందు రెండూ బాణం ప్రకారం బిగించి, వెనక రెండూ తిరగేసి బిగించాను. బాణం గుర్తు నాకు కనబడింది. మునెప్పను అడిగి ఉండవచ్చు. టైరు ఎట్ల బిగించాలో పోటీ అంగడివాణ్ణి అడగడం చిన్నతనం అనిపించింది.

ఎండలో ఏమీ తెలియలేదు. మూడో గురువారం వి.కోట దాటాక మంచి వాన. మలుపులో కారు వెనక భాగం జారి, బండి రెండు చుట్లు తిరిగి మల్బరీ తోటలో ఆగింది. డాక్టరమ్మకు నుదుటి మీద బొప్పి కట్టింది, అంతే. ఆమె అబద్ధం ఆడే మనిషి కాదు. అడిగినవాళ్ళందరికీ ఒకే మాట చెప్పారు: "మునెప్ప టైర్లు ఎండలో బాగుండాయి. వానలో జారతాయి."

మునెప్ప సరుకు వెనక్కి పంపేశాడు. బోర్డు దించాడు. కుప్పం గిరాకీ అంతా నాకొచ్చింది. అప్పటికి నేనూ ఆ మాట నిజమనే నమ్మాను.

మరుసటి ఏడు కంపెనీవాళ్ళు బెంగళూరులో ట్రైనింగ్ పెట్టారు. అక్కడ ఒకాయన తడి గాజుపలక మీద డైరెక్షనల్ టైరు దొర్లించి చూపించాడు. నీళ్ళు చారల్లోంచి రెండు పక్కలకూ పోయాయి. తిరగేసి దొర్లిస్తే నీళ్ళు నడుమకు చేరాయి. "ఇట్ల బిగిస్తే బండి నీళ్ళ మీద తేలుతుంది" అన్నాడు. నాకు మల్బరీ తోట కళ్ళముందు కనబడింది.

తిరిగి వచ్చేటప్పుడు పుంగనూరు బస్టాండులో బస్సు పది నిమిషాలు ఆగింది. కిటికీలోంచి మునెప్ప అంగడి కనబడతా ఉంది. లారీ టైరు మీద వంగి రబ్బరు గీకుతున్నాడు. దిగి చెప్పేద్దామని లేచాను. మళ్ళీ కూర్చున్నాను. ఆ తర్వాత ఏడాది దాకా ఎన్నిసార్లు ఆ దారిన పోయినా అంతే.

2005లో డాక్టరమ్మ రిటైరయ్యేముందు ఆ నాలుగు టైర్లూ కారులో వేసుకుని వచ్చారు. "ఇంట్లో ఊరికే పడి ఉండాయి. మునెప్పకు చేర్చు, ఎడ్లబండికైనా పనికొస్తాయి."

ఇంక దాచలేకపోయాను. నిలబడే అంతా చెప్పాను.

"నీ తప్పును రెండేండ్లు నా నోటితో చెప్పించినావు గదప్పా" అన్నారు డాక్టరమ్మ. "ఆయన మొగం చూసి చెప్పు. పద."

పుంగనూరులో మునెప్ప అంతా విన్నాడు. చేతిలోని రబ్బరు ముక్క కింద పెట్టాడు. "వానలో జారే టైర్లు అమ్మినానని నా సొంత తమ్ముడే నగినాడు. నువ్వు ఈ దారినే పోతా వస్తా ఉండి, ఏల చెప్పలేదు?"

"సిగ్గేసిందన్నా."

"నాకూ సిగ్గేసింది, బోర్డు దించేటప్పుడు" అన్నాడు.



వానాకాలం ఇంకా పోలేదు. డాక్టరమ్మ మాట ప్రకారం ఆ టైర్లు మళ్ళీ ఎక్కించాం. ఈసారి మునెప్ప మిషను పక్కనే నిలబడి నాలుగు బాణాలూ వేలితో తాకి చూశాడు. వాన పట్టిన గురువారం ముగ్గురమూ బయలుదేరాం. ముందు సీటు మునెప్పకు. "నువ్వు వెనక కూర్చో నాగరాజూ. నువ్వు తిరగేసింది వెనక టైర్లే గదా" అన్నారు డాక్టరమ్మ.

వి.కోట దాటాక అదే మలుపు, అదే వేగం. నేను సీటు గట్టిగా పట్టుకున్నాను. కారు గీత గీసినట్టు పోయింది. మునెప్ప వెనక్కి తిరిగాడు. "ఏమప్పా, భయపడి దిగేసినావా, ఇంకా ఉండావా?"

కీర్తనలు మాత్రం ఆరు దగ్గర గానీ వినబడలేదు. చప్పుడులో నా టైర్లు మేలు, వానలో మునెప్పవి మేలు. డాక్టరమ్మ కుప్పంలో అదే చెప్పారు. నెలలోపే బోర్డు మళ్ళీ ఎక్కింది.

అయినా మొదటి మాట పోయినంత దూరం రెండో మాట పోలేదు. మొన్న కూడా ఒకాయన నా అంగడిలో "పుంగనూరు టైర్లు వానలో జారతాయంట" అన్నాడు. అందుకే ఇది రాస్తున్నాను. జారింది టైర్ల వల్ల కాదు, నేను తిరగేసి బిగించినందువల్ల. తెలియక బిగించడం పొరపాటు. తెలిశాక బస్సులో కూర్చుండిపోవడం తప్పు. ఇప్పుడు తెలియని గుర్తు ఏది కనబడినా, ఎవరి సరుకైనా సరే, అమ్మినవాడికి ఫోను చేసి అడిగాకే మిషను తిప్పుతాను.

నా సొంత కారుకు ఇప్పుడు నడుస్తున్నవి మునెప్ప దగ్గర కొన్నవే. బిగించింది కూడా ఆయనే. నన్ను ముట్టుకోనివ్వలేదు.