భీమారావుకు రాని అక్షరాలు

సింగపూర్‌లో యూ టీ అనే పేటలోని ఆ ఫ్లాట్ల బ్లాకులో భీమారావును ఎరగనివాళ్లు లేరు. అతను ఆ దేశంలోనే పుట్టాడు. తండ్రి శ్రీకాకుళం తీరం నుంచి ఓడలో వచ్చి హార్బరులో మూటలు మోశాడు. భీమారావు మాత్రం కుంచె పట్టాడు. దుకాణాలకు బోర్డులు రాశాడు. చైనీస్ అక్షరం ఒక్కటీ తెలియకపోయినా, యజమాని కాగితం మీద రాసిస్తే చాలు, చూసి నిలువెత్తు బోర్డు మీద దించేవాడు. "నాకు చీనా రాదు, రాసివ్వు" అని అడగడానికి ఏనాడూ సంకోచించలేదు.

తెలుగు దగ్గరికి వచ్చేసరికి ఆ మాట అతని నోట రాలేదు.

ఐటీ ఉద్యోగాలు జోరుమీదున్న రోజులవి. ఊరికి ఆ చివర చాంగీ బిజినెస్ పార్కులో పనిచేసే ఆంధ్రా కుటుంబాలు కొన్ని అద్దె తక్కువని యూ టీ దాకా వచ్చి దిగాయి. పక్క ఫ్లాటులోకి రాజమండ్రి అమ్మాయి వసుంధర, భర్త లోహిత్ వచ్చారు. భీమారావు తమిళుడనుకుని ఆమె లిఫ్టులో ఇంగ్లీషులో పలకరించింది. "మనం తెలుగోలమేనమ్మా" అన్నాడతను. ఆమె ముఖం విప్పారింది. ఆ వారంలోనే అతని భార్య వెంకటరమణమ్మకు ఊరి చీర ఒకటి తెచ్చి ఇచ్చింది. పొరుగున తనవాళ్లు దొరికారని వసుంధర అందరికీ చెప్పుకొంటుంటే భీమారావుకు గర్వంగా ఉండేది, ఆ వెంటే కాస్త భయంగానూ ఉండేది.

ఆ ఏడు బ్లాకు కింద ఖాళీగా ఉండే వాయిడ్ డెక్ గోడ మీద అందరి పండుగల బొమ్మలూ వేయించాలని నివాసుల కమిటీ పెద్ద లిమ్ ఆంటీ అనుకుంది. చైనావాళ్ల కొత్త సంవత్సరపు సింహం ఆట, మలయ్ ముస్లింల హరిరాయ పండుగ రోజు వేలాడే, ఆకులతో అల్లిన కెటుపాట్ అన్నం పొట్లాలు, దీపావళి దీపాలు ఒక్కొక్కటే గోడెక్కాయి. వసుంధర ఉగాదికి కూడా చోటు అడిగింది.

"భీమా మీవాడేగా. అతనే వేస్తాడు" అంది లిమ్ ఆంటీ.

భీమారావు పచ్చటి మామిడి కొమ్మ, వేపపూలు, ఇత్తడి గిన్నె వేశాడు. చూసినవాళ్లు మెచ్చుకున్నారు.

"పైన ఉగాది శుభాకాంక్షలు అని తెలుగులో రాయండి అంకుల్" అంది వసుంధర. "ఎలా రాయాలో కాగితం మీద రాసివ్వనా?"

"నాకు తెలీదా ఏటి? బోలే, బోలే, నేను రాసీగలను" అన్నాడతను, చేయగలననే మలయ్ మాట కలిపి.

ఇంట్లో వెంకటరమణమ్మకూ తెలుగు చదవడం, రాయడం రాదు. ఇద్దరూ తమిళ బడిలో చదివినవాళ్లే. వసుంధర ఇచ్చిన చీర వచ్చిన గుడ్డ సంచీ వంటింటి తలుపు వెనక వేలాడుతోంది. దాని మీద కలశం బొమ్మ, కింద ఎర్రటి తెలుగు అక్షరాలు ఒక వరుస. కలశం కింద రాసేది శుభం గురించే అయివుంటుందని భీమారావు తనకు తాను చెప్పుకున్నాడు. సంచీ మడిచి చొక్కా లోపల పెట్టుకుని కిందికి వెళ్లాడు.

ఆ ఆదివారం ఉదయం తెలుగువాళ్లంతా గోడ దగ్గర చేరారు. వసుంధర తండ్రి జనార్దనరావు కొత్తగా ఊరి నుంచి వచ్చి ఉన్నాడు. కళ్లజోడు సర్దుకుని పైకి చదివాడు.

"అమ్మిన చీరలు వాపసు తీసుకొనబడవు. ఇదేంటమ్మాయ్?"

అందరూ ఒక్కసారిగా నవ్వారు. వసుంధర కూడా కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. భీమారావుకు చెవులు కాలిపోయాయి. అందరూ తనవైపే చూస్తున్నారు.

"తమాషాకి రాసినాను" అన్నాడు.

"సూపర్ అంకుల్" అని లోహిత్ ఫొటో తీశాడు. ఏం రాశావని లిమ్ ఆంటీ అడిగితే, కొత్త సంవత్సరం శుభం కలగాలని రాశానని చెప్పాడు. గంట తిరగకుండా రెండు అబద్ధాలు.

లోహిత్ ఆ ఫొటో ఆఫీసులో అందరికీ పంపాడు. చాంగీ నుంచి అతని స్నేహితులు పనిగట్టుకుని వచ్చి, గోడ పక్కన భీమారావును నిలబెట్టుకుని ఫొటోలు దిగారు. మంచి హాస్యప్రియులండీ మీరు, అన్నారొకరు. అతను నవ్వుతూ నిలబడ్డాడు. తనకు రానిదాన్ని గొప్పతనంగా పొగుడుతుంటే, తిట్టినా ఇంకాస్త నయమనిపించింది.

ఆ తరవాత అతను వెనక మెట్ల దారినే కిందికి దిగడం మొదలుపెట్టాడు. కాఫీకి కూడా పోవడం మానేశాడు.

"ఆ అమ్మాయితో సెప్పీరాదా?" అంది వెంకటరమణమ్మ.

"ఏటని సెప్పను? మీవోడినని సెప్పుకున్నాను కదా."

ఒక సాయంత్రం వసుంధర పులిహోర తెచ్చింది. ఇంకో స్నేహితురాలు ఆ గోడ చూడాలంటోందని, ఒకసారి కిందికి రమ్మని అడిగింది. భీమారావు గిన్నె అందుకోలేదు. నేల వైపు చూస్తూ చెప్పాడు.

"నాకు తెలుగు సదవడం రాదమ్మా. రాయడమూ రాదు. నువ్విచ్చిన సంచీ సూసి గీసినాను. తమాషా కాదు."

ఆ రోజు తను ఎంతగా నవ్విందో గుర్తొచ్చింది కాబోలు, వసుంధర మెడ దాకా ఎర్రబడింది.

"నేను అడగాల్సింది అంకుల్. అందరికీ వచ్చనే అనుకున్నాను."

"నువ్వు అడిగినావు. రాసిస్తానన్నావు. నేనే వద్దన్నాను."

మర్నాడు అతను తెల్లరంగు డబ్బాతో పట్టపగలే కిందికి దిగాడు. లిమ్ ఆంటీ ఎదురైతే, అది తప్పు రాత అని, తనకు తన భాష చదవడం రాదని చెప్పాడు.

"ఇక్కడెవరు చదవగలరు లా? బాగుంది, వదిలెయ్" అందామె సింగపూర్ యాసలో.

ఆ క్షణంలో వదిలేయాలనే అనిపించిందతనికి. అయినా అక్షరాల మీద తెల్లరంగు పూసేశాడు. వసుంధర కాగితం మీద పెద్దగా రాసిచ్చింది. ఒక్కో అక్షరం గీసేముందు దాని పేరేమిటని అతను అడిగాడు. ఆమె చెప్పింది. దారిన పోయేవాళ్లు ఆగి విన్నారు. చిన్నపిల్లాడిలా "క్ష" అని పలుకుతుంటే ఆ యాభై ఎనిమిదేళ్ల మనిషికి చెమట పట్టింది. ఒకసారి తప్పు పలికి ఆగిపోయాడు. ఆమె తొందరపెట్టలేదు.

రాత చక్కగా వచ్చింది. అయితే సిగ్గు మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. కొత్తగా దిగిన తెలుగువాళ్లు ఎవరైనా గోడ చూసి, ఇది రాసింది మీరేనా అంకుల్ అని అడిగితే, ఇప్పటికీ అతను ముందు తల దించుకుంటాడు.

"గీసింది నేను. రాసింది పక్కింటి అమ్మాయి" అంటాడు.