నాయిన విన్న పుస్తకం

పుస్తకం పట్టుకుంటే లింగమూర్తికి లోకం పట్టదని సూరత్‌లోని కోసాడ్ క్వార్టర్లలో అందరూ అంటారు. పట్టకపోవడం కాదు, ఆ లోకం ఆయనకు వినబడటం మానేసి చాలా కాలమైంది. ఆ సంగతి పెళ్లాం వెంకటవ్వకు తప్ప ఎవరికీ తెలియదు.

కరీంనగర్ పక్క పల్లె నుంచి సాంచలు, అదే కరెంటు మగ్గాలు, నడపడానికి సూరత్ వచ్చినప్పుడు ఆయన సంచిలో రెండు జతల బట్టలు, ఒక కుట్టు పుస్తకం ఉన్నాయి. కుట్టు పుస్తకమంటే నవ్వకండి. వారపత్రికలో వచ్చే సీరియల్ కాగితాలను వారం వారం చింపి, పేర్చి, దబ్బనంతో కుట్టుకున్నది. అంగట్లో కొన్నదానికి అట్ట ఒకటే ఎక్కువ, కథలో ఏం తక్కువ? అప్పట్లో గది నిండా సాంచల పనివాళ్లే, చదువొచ్చింది ఈయనొక్కడికే. ఆదివారం వస్తే దొంగ మాటలు దొంగలా, అత్త మాటలు అత్తలా చదివి వినిపించేవాడు. మొండయ్య అనే ఆయనైతే "అన్నా, గా అత్తను జర జల్ది సంపెయ్యరాదే" అని బతిమాలేవాడు.

తర్వాత వారపత్రికలు రావడం ఆగింది. గదిలోవాళ్లు పెళ్లాం బిడ్డలను తెచ్చుకుని తలో దిక్కు పోయారు. కుట్టడానికి కాగితం లేక లింగమూర్తి ఫోన్‌లో అక్షరాలను వేలితో పెద్దవి చేసుకుంటూ చదవసాగాడు. సరే, అదీ అలవాటైంది. ఇప్పుడు ఇంకో వింత! పుస్తకం తనను తానే చదువుకుంటుందట, మనం చెవి అప్పగిస్తే చాలట. అప్పగించడానికి చెవి ఉండొద్దూ? ఇన్నేళ్ల సాంచల మోత ఆయన రెండు చెవులనూ తినేసింది. కార్ఖానాలో ఇబ్బంది లేదు, అక్కడ ఎవరైనా పెదవులు చూసి మాట్లాడుకోవాల్సిందే. ఇంట్లోనూ మూతులు చూసి నెట్టుకొస్తున్నాడు. వెనక నుంచి పిలిస్తే చదువులో మునిగినట్టు నటిస్తాడు. గొంతు పెరిగితే వెంకటవ్వ కంటితో సైగ చేస్తుంది, తగ్గిస్తాడు.

ఆయన కూతురు సింధూజ గుజరాతీ మీడియంలో చదివింది. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ అక్షరమ్ముక్క చదవలేదు. ఒక తెలుగు కథను ఫోన్‌లో గుజరాతీ అక్షరాల్లోకి మార్చుకుని చదివి, రికార్డు చేసి, హైదరాబాద్‌లో వినే పుస్తకాలు తయారుచేసే కంపెనీకి పంపింది. వాళ్లు ఉద్యోగానికి రమ్మన్నారు. పిల్ల ఎగిరి గంతేసిందా? లేదు, మొండికేసింది.

"నా తెలుగుల గుజరాతీ వాసనొస్తదేమో. నాయిన ఇని మంచిగున్నదంటేనే పోత, లేకుంటే పోను."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. వినబడదని చెబితే పిల్ల కదలదు, తండ్రిని సాంచ మాన్పించి తనే ఈ ఊళ్లోనే వరాఛాలో ఏదో ఒక పనికి కుదురుకుంటుంది. చెప్పకపోతే, వినని గొంతుకు బాగుందని సాక్ష్యమెట్లా చెప్పాలి? అక్కడికెళ్లాక నలుగురూ నవ్వితే ఆ పాపం ఎవరిది? టైం లేదు, తలనొప్పి అంటూ తప్పించుకు తిరిగాడు. సెలవు రోజు మధ్యాహ్నం దొరికిపోయాడు.

అన్నం తిని చెయ్యి కడుక్కున్నాడో లేదో, సింధూజ ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఆయన చెవుల్లో తీగలు పెట్టి ఫోన్ నొక్కింది.

చెవిలో రబ్బరు ఒత్తుకోవడం తప్ప ఏమీ లేదు. లింగమూర్తి కళ్లు మూసుకున్నాడు, తెరిస్తే పిల్ల కళ్లలోకి చూడాల్సి వస్తుందని. అక్కడక్కడా తలాడించాడు. ఒకచోట నవ్వాడు కూడా. దేవుడా, ఇది ఏడుపు కథేమో, ఎక్కడ నవ్వానో! ఎప్పుడు అయిపోతుందో కూడా తెలియదు. భుజం మీద చెయ్యి పడేసరికి ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు.

"అయిపోయింది. ఎట్లున్నది?" అంటున్నాయి పిల్ల పెదవులు.

"మస్తుగున్నది బిడ్డా. అచ్చం మనోళ్ల లెక్కనే సదివినవ్."

సింధూజ మొహం విప్పారింది. ఫోన్‌ను ఛార్జింగ్‌కు పెట్టడానికి గోడవైపు తిరిగి, "తప్పులేడేడ పోయినయి నాయినా?" అని అడిగింది. లింగమూర్తి గండం గడిచిందని చెమట తుడుచుకుంటున్నాడు. "నాయినా, నిన్నే!" అంది. వెంకటవ్వ మొగుడి మోకాలు గట్టిగా తట్టింది. వెనక్కి తిరిగిన సింధూజ ఆ తట్టడం చూసింది, తండ్రి కంగారూ చూసింది. వెంకటవ్వ కొంగులో మొహం దాచుకుని ఏడ్చింది. ఇక దాచడానికేముంది?

సింధూజ వచ్చి తండ్రి ముందు కూలబడింది.

"నీకు ఇనవడ్తలేదా నాయినా? ఎప్పటిసంది?"

ఆయన నేల చూపులు చూశాడు. సింధూజ ఆయన గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది.

"నేను పోను. నిన్ను గిట్ల ఇడిసిపెట్టి యాడికీ పోను."

 తన మూలంగా పిల్ల ఈ అర్రలో చిక్కుకుపోవడమా? బెదిరించకూడదు, బుజ్జగించి పంపాలి అనుకున్నాడు. ఆమె తల మీద చెయ్యి వేసి, పసిదాన్ని జోకొట్టినంత మెత్తగా అన్నాననుకుంటూ అన్నాడు.

"పో బిడ్డా. నా కోసం గీడ ఉండకు. పో!"

సింధూజ బెదిరి వెనక్కి జరిగింది. తలుపు నెట్టుకుని పక్కింటి పరుశురాం వచ్చాడు, ఆయన వెనక ఇద్దరు ఆడవాళ్లు. పరుశురాం పెదవులు కోపంగా కదిలాయి.

"ఏందన్నా, ఎదిగిన పిల్లను వాడంత ఇనవడేటట్టు గట్ల ఒర్రుకుంట ఎల్లగొడ్తున్నవ్?"

లింగమూర్తి చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. మెల్లగనే అన్న గదా అని చెప్పబోయి, అది ఎంత గట్టిగా వస్తుందోనని నోరు మూసుకున్నాడు.