మూడు సీడీలు, ఒక సర్దారు

మొన్న మా వంటింట్లో టైల్స్ వేసిన మేస్త్రీ, పని అయిపోయాక తాపీ పిడితో ఒక్కొక్కదాన్నీ తట్టి చూస్తున్నాడు. గట్టిగా పలుకుతున్న చప్పుడు కిటికీ దగ్గరికి వచ్చేసరికి డొల్లగా మారింది. "దీని కింద సిమెంటు నిండలే సార్, తీసి మల్ల వెయ్యాలె," అన్నాడు. నేను అతని చేతినే చూస్తూ ఉండిపోయాను. అలాగే తట్టి, అలాగే తల ఒక పక్కకు వంచి వినే మనిషి ఒకాయన నాకు తెలుసు. ఆయన తట్టేది బొగ్గుబాయి పైకప్పును.

ఓదెలన్న గోదావరిఖనిలో సర్దారుగా పనిచేసేవాడు. కార్మికుల కంటే ముందు గనిలోకి వెళ్ళి, కప్పును కట్టెతో కొట్టి చప్పుడు విని, గాలి ఎలా ఉందో చూసి, పర్వాలేదని సర్దారు చెప్పాకే మిగతావాళ్ళు అక్కడ పనిలోకి దిగాలి. పదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. కూతురి కోసం కొన్న కంప్యూటరు ఆమె కరీంనగర్ హాస్టలుకు పోయాక ఖాళీగా పడి ఉంటే, మూత విప్పి చూడటంతో ఆయన విద్య మొదలైంది. ప్రత్యేక రాష్ట్రం రావడానికి నాలుగైదేళ్ళ ముందు మా కాలనీలో ఎవరి కంప్యూటరు మొరాయించినా ఫస్టు షిఫ్టు దిగి, స్నానం చేసి ఆయన రావాల్సిందే.

నేనప్పుడు ఒక దినపత్రికకు విలేకరిని. తొలితరం కార్మికులు ఇరవై రెండు మందిని కలిసి, వాళ్ళ మాటల్లోనే వాళ్ళ బతుకులు రాసి పెట్టుకున్నాను. నా రాతను కంప్యూటరులోకి ఎక్కించింది నా భార్య లలిత. టైపు కాగానే కాగితాలు చింపెయ్యడం పత్రికాఫీసులో అబ్బిన అలవాటు. కాబట్టి ఆ ఇరవై రెండు మందీ మా ముందుగది కంప్యూటరులోనే ఉన్నారు. ఆ కంప్యూటరుకేమో డీటీపీ షాపుల పెన్‌డ్రైవుల పుణ్యమా అని నెలకో వైరస్. ఒకరోజు ఓదెలన్న విసుగెత్తి, "ఎన్నిసార్లు కడుగుత తమ్మీ, మల్ల అదే బురదల దిగుతవు. విండోస్ తీసేసి లినక్స్ వేసుకో. ఎవలన్న వాడుకోవచ్చు, నకలు తీసి ఇంకొకలకు ఇయ్యచ్చు," అన్నాడు.

నాకు ఆసక్తి పుట్టింది. ఎవరిదీ కానిది, అందరిదీ అయినది ఎలా ఉంటుందో చూడాలనిపించింది. అందులో చాలా రకాలున్నాయనీ, కొత్తవాళ్ళకు సులువుగా ఉండేవి కొన్నేననీ ఒక పత్రికలో చదివి, ఏది మంచిదని అడిగాను. ఆయన కంప్యూటరు పత్రికలతో వచ్చినవీ, పోస్టులో తెప్పించుకున్నవీ మూడు సీడీలు తెచ్చి బల్ల మీద పరిచాడు. "సీడీ పెట్టి వెలిగిస్తే దాని మీదనే నడుస్తది. లోపలున్న దాన్ని ముట్టది. వారానికొకటి చూడుండ్రి. దిగకముందు కొట్టి చూసుడన్నట్టు," అన్నాడు.

మొదటిది కళ్ళు చెదిరేట్టుంది కాని, మా పాత యంత్రం మీద ఒక్కో కిటికీ తెరుచుకునేలోపు చాయ్ తాగి రావచ్చు. రెండోది చురుకైనదే. అయితే అందులో తెలుగు అక్షరాల గుణింతాలు ఊడి పక్కన పడ్డాయి. మూడోది సాదాసీదాగా ఉంది. నాకు రెండోది నచ్చిందనీ, అక్షరాల సంగతి తర్వాత చూసుకోవచ్చనీ చెప్పాను. ఆయన నా మాట వినిపించుకోకుండా వంటగది వైపు తిరిగాడు.

"చెల్లె, నీకేది నచ్చింది?"

లలిత బయటికి వచ్చింది. "మూడోది అన్నా. మెనూ పాత జాగలనే ఉన్నది, మన అక్షరాలు మంచిగొస్తున్నయి. కొత్తగ నేర్సుకునేది తక్వ."

"రెండోది జల్ది నడుస్తుంది కదా," అన్నాను.

"నడుస్తది. టైపు కొట్టేది నువ్వా?" అన్నాడు ఓదెలన్న. "బాయిల గూడ గంతే. కప్పు కింద కూసునేటోన్ని అడగాలె, ఆఫీసుల కూసున్నోన్ని గాదు. పేపరోల్లు అడగకముందే రాసుకుంటరు."

లలిత నవ్వింది. నాకు కొంచెం తగిలింది. ఆమె రోజూ కూర్చునే కుర్చీ గురించి నేను ఆమెను ఒక్క మాట కూడా అడగలేదని అప్పుడే తెలిసింది.

వారాంతపు సెలవునాడు పొద్దున ఆయన మూడో సీడీలోది ఎక్కించడానికి వచ్చాడు. నేను పత్రికాఫీసు డెస్కుతో ఫోనులో మాట్లాడుతున్నాను. "మొత్తం తుడిచి వేస్తున్న. నకలు తీసినవా?" అని అడిగాడు. ఫోను చేత్తో మూసి, "తీసిన," అన్నాను. నిజంగానే తీశాను. ముందురోజు సీడీ మీద కంప్యూటరు నడుపుతూ, ఫైళ్ళన్నీ ఆ తెర మీదికే కాపీ చేసి, నిశ్చింతగా కరెంటు ఆపేశాను. సీడీ మీద నడిచేటప్పుడు తెర మీద పెట్టినది కంప్యూటరు ఆపగానే పోతుందని నాకు తెలియదు.

గంట తర్వాత కొత్త తెర వచ్చింది. లలిత వెతికింది, నేను వెతికాను. ఎక్కడ పెట్టానో చెప్పాక ఓదెలన్న పాతవాటిని వెనక్కి తెచ్చే ఉపాయాలు తనకు తెలిసినవన్నీ సాయంత్రం దాకా చేసి చూశాడు. కరీంనగర్‌లో కూతురి కాలేజీ వాళ్ళనూ అడిగించాడు. ఏవీ రాలేదు. ఆయన తిడతాడని ఎదురుచూశాను.

"ముప్పై ఏండ్ల సంది ఎవలు మంచిగుందన్నా కొట్టి చూసినంకనే పోనిచ్చిన," అన్నాడు చివరికి. "నీ నోటి మాట మీద ఎట్ల నమ్మిన్నో. ఏడ పెట్టినవు, చూపియ్యి అంటే అయిపోతుండె."

మరుసటి సెలవునాడు స్కూటరు తీసుకుని ఆయనే వచ్చాడు. "మనుషులైతె ఉన్నరు గద. పోదాం పా." మూడు నెలలపాటు ఆయన సెలవులన్నీ ఆ తిరుగుడికే పోయాయి. పెద్దపల్లి దాటి పల్లెలకూ, కాసిపేట దాకా కూడా వెళ్ళాం. ప్రతి గడపలో నాకంటే ముందు ఆయనే చెప్పేవాడు: "కాకా, నువ్వు చెప్పినయి మేం పోగొట్టినం. మల్ల చెప్పాలె." ఒక ముసలాయన బీడీ ఆర్పి, "మంచిదైంది తియ్యి. పోయినసారి సగం కోతలే కోసిన. ఇప్పుడు నిజం చెప్త," అన్నాడు. నిజంగానే రెండోసారి చెప్పినది వేరు. మొదటిసారి తన ధైర్యం గురించి చెప్పిన మనిషి, రెండోసారి తన భయం గురించి చెప్పాడు.

ఈలోపు ముగ్గురు చనిపోయారు. ఆ ముగ్గురిలో ఒకాయన భార్య మమ్మల్ని గుమ్మంలోనే కూర్చోబెట్టి విషయమంతా విన్నది. "నువ్వు రాసుకున్నవు గద అని నేను మతిల పెట్టుకోలే బిడ్డా," అన్నది.

తర్వాత ఆ బతుకులు పత్రికలో వారం వారం వచ్చాయి. చివరి వారం ఆ ముగ్గురి పేర్లూ, వాళ్ళు పనిచేసిన బాయిల పేర్లూ వేసి, కింద రాశాను: వీరు తమ కథ చెప్పారు, నా తప్పువల్ల అది పోయింది. పాఠకుడికి ఇదంతా ఎందుకని డెస్కు తీసెయ్యమంది. నేను ఒప్పుకోలేదు. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో నా తప్పును నేనే అచ్చులో ఒప్పుకోవడం అదే మొదలు. ఇప్పుడు పడుచు విలేకరులు "చూసుకున్నాను సార్" అంటే, ఎక్కడ, చూపించు అంటాను. చాదస్తమనుకుంటారు.

ఆ పత్రిక వచ్చినరోజు మధ్యాహ్నం ఓదెలన్న డ్యూటీ బట్టల్లోనే మా ఇంటికి వచ్చాడు. మెచ్చుకుంటాడనుకున్నాను. పేపరు బల్ల మీద పెట్టి, ఆ వాక్యం మీద వేలుపెట్టాడు.

"తప్పు నీ ఒక్కనిదే అని రాసినవేంది? ముందుగాల పోయి చూడాల్సింది సర్దారు. నా పేరేది?"

వచ్చేవారం సవరణ వేస్తానన్నాను. వెయ్యలేదు. ఆయన రిటైరయ్యాడు, ఆ తర్వాత రెండేళ్ళకు పోయాడు. మళ్ళీ అడగలేదు. ఆలస్యమైనా ఆ సవరణ ఇక్కడ వేస్తున్నాను: ఆ ముగ్గురి మాటలు పోయింది ఇద్దరి వల్ల. ఒకరు నేను. రెండోవాడు ఓదెలు, సర్దారు.