జొన్నకంకి, ఇరవై మూడు గింజలు

పోయిన శ్రావణమాసం మూడో శనివారం, పొద్దున పదీ నలభైకి ఇది మొదలైంది. గండి తిరునాళ్లకు పోయే బస్సులన్నీ ఆ రోజు పులివెందులలో మా ఇంటి ముందు నుంచే పోతాయి. హారన్ల గోలకు వేసారి, ఇది ఎప్పటికి తగ్గుతుందా అని గడియారం చూసుకుంటూ కూచున్నాను. అప్పుడే మా మనవరాలు లోపలికి వచ్చి, కుర్చీ దగ్గరికి లాక్కుని, ఎడమ చెయ్యి నా ముందు చాపింది.

"చూడవ్వా. మీ అమ్మ జొన్నకంకి."

మోచేతి కింద నుంచి మణికట్టు దాకా పచ్చబొట్టు. కొత్తది, ఇంకా పొట్టు రాలుతోంది. నేను కళ్లద్దాలు పెట్టుకుని గింజలు లెక్కపెట్టాను. ఇరవై ఒకటి. మళ్లీ పెట్టాను, అంతే. అందులో ఒకటి కంకికి దూరంగా, ఎగిరిపడినట్టు ఉంది. కాడ నడుమ దగ్గర వంకర తిరిగింది.

"ఇది మా అమ్మ కంకి కాదు" అన్నాను.

"చిన్నవ్వ చేతి మీద నుంచే దించినా కదా. ఉన్నది ఉన్నట్టు దించినా."

"అందుకే కాదు. ఇది మీ చిన్నవ్వ చెయ్యి."

మా అమ్మ పచ్చబొట్లు పొడిచేది. శ్రావణ శనివారాలు గండిలో, మిగతా కాలమంతా జమ్మలమడుగు చుట్టుపక్కల ఊళ్లలో. మూడు సూదులు దారంతో కలిపి కట్టి, ఆముదం దీపం మసిని చనుబాలలో రంగరించి పొడిచేది. పైన పసుపు అద్దేది. తేలు, ఉయ్యాల తొట్టెల బొమ్మలు అందరూ పొడిచేవాళ్లే. జొన్నకంకి మాత్రం మా అమ్మ సొంతం. మధ్యలో కాడ, రెండు పక్కలా పదకొండేసి గింజలు, కొసన ఒకటి, మొత్తం ఇరవై మూడు. కింద రెండు ఆకులు.

ఆమె పనికి ఒక కట్టుబాటు ఉండేది. పొడిచేటప్పుడు పక్కన ఒకరు కూచుని చుక్కలు పైకి లెక్కపెట్టాలి. పొడిచే మనిషి కన్ను తోలు మీద ఉండాలి, లెక్క ఇంకొకరు చూసుకోవాలి. పొడిపించుకునే మనిషికి కూడా ఇంకా ఎన్ని మిగిలాయో వినిపిస్తే ఏడుపు అదుపులో ఉంటుంది. ఆ లెక్కపెట్టే పని ఆరేళ్ల వయసు నుంచి నాది. తర్వాత పులివెందుల చీనీకాయల మండీలో పద్దులు రాసి బతికాను. ఆ పని, పొడిచేటప్పుడు అమ్మ పరుచుకునే గోనెపట్ట మీదే నేర్చుకున్నాను. నా చేతికి మాత్రం కంకి లేదు. నాకు పొడిస్తే లెక్కపెట్టడానికి మనిషి ఉండాలి, మా ఇంట్లో ఆ మనిషిని నేనే. మా చెల్లెలికి, అంటే మనవరాలి చిన్నవ్వకు, ఉంది. పొడిచినప్పుడు దానికి పదేళ్లు.

ఇన్నేళ్లకు ఆ కంకి మళ్లీ కావలసివచ్చింది మా వీధిలోని నర్సుకు. కువైట్ ఆసుపత్రిలో పని చేస్తుంది, సెలవుకు వచ్చింది. మనం నగలు కూడబెట్టుకున్నట్టు ఆమె పచ్చబొట్లు కూడబెట్టుకుంటుంది. ఒకే చేతి మీద నాలుగు ఊళ్ల పనివాళ్లు వేసినవి ఉన్నాయి. ఏది ఎవరు వేశారో, ఎంత నొప్పి పుట్టిందో చెబుతుంది. కానీ ఇంకో చెయ్యి ఖాళీగా ఉంచుకుంది. వాళ్ల జేజికి మా అమ్మ కంకి పొడిచిందట. చర్చికి పోయేటప్పుడు పెద్దలు ఏమంటారోనని ఆ ముసలామె పొడుగు చేతుల రవిక తొడుక్కునేదట, ఇంటికి వచ్చి మనవరాలైన ఈ నర్సుకు మాత్రం చేయి ఎత్తి చూపించేదట. జేజి పోయింది. ఫోటో ఒకటి కూడా లేదు. "ఆ చెయ్యి ఖాళీగా పెట్టుకుంది దీనికేనమ్మా" అంది నాతో. ఆమె విమానం ఎక్కడానికి మూడు వారాలు ఉంది. బతికి ఉన్న చేతుల్లో ఆ కంకి ఉన్నది, నాకు తెలిసినంతలో, జమ్మలమడుగులో మా చెల్లెలి చేతి మీద ఒక్కటే.

మా మనవరాలికి ప్రొద్దుటూరులో టాటూ అంగడి ఉంది, బంగారు అంగళ్ల వీధిలో మేడ మీద. తల్లులు కింద గాజులు బేరమాడుతుంటే పిల్లలు పైకి ఎక్కుతారు. సూది పొట్లం గిరాకీ కళ్ల ముందే చింపుతుంది, పని కాగానే పారేస్తుంది. తాగి వచ్చినవాణ్ని మెట్ల దగ్గరే తిప్పి పంపుతుంది. ప్రేమించిన పిల్ల పేరు వేయమని వచ్చినవాణ్ని ఆరు నెలలు ఆగి రమ్మంటుంది. వాళ్లు తిరిగి వచ్చినప్పుడు పేరు మారి ఉండడం నేను చూశాను. మా అమ్మ చెప్పిన ఇంకో నియమం కూడా పాటిస్తుంది: కొత్త బొమ్మ ఏదైనా ముందు తన ఒంటి మీద వేసుకోవాలి, ఆ తర్వాతే ఇంకొకరి మీద. అందుకే నర్సుకు వేసే ముందు కంకి తనకు వేసుకుంది, తప్పు తన చేతి మీదే పడింది.

"యాడ తప్పింది చెప్పవ్వా, దిద్దుకుంటా" అంది. ముఖం చిన్నబుచ్చుకోలేదు. నాకు అది నచ్చింది.

"చిన్నవ్వ చెయ్యి యాడ పెట్టించుకోని దించినావు?"

"మోకాలి మీద. తోలు కాగితం మాదిరి ఉండాది, లాగితే చినుగుతాదేమోనని ముట్టుకోలేదు."

"మా అమ్మ పొడిచింది పదేళ్ల పిల్ల చేతికి. నువ్వు దించింది డెబ్బై దాటినదాని ముడతలు. మూడు గింజలు మడతల్లో ఉండాయి."

మరుసటి మంగళవారం ఇద్దరం బస్సెక్కి జమ్మలమడుగు పోయాం. చెల్లెలు మంచం మీద గోడకు ఆనుకుని ఉంది. ఆ ఏడు దానికి ఒంట్లో బాగాలేదు, మనిషి సగమైంది. నోరు మాత్రం తగ్గలేదు.

"ఏంది, అక్కకు ఇప్పుడు ప్రేమ పుట్టిందా? మొన్న మనవరాలు, ఈపొద్దు నువ్వు. నా చెయ్యి యామన్నా సంతలో పెట్టినారా?"

"చెయ్యి చాపు, మాటలు తర్వాత."

"చూసినావా పాపా, చిన్నప్పుడు కూడా ఇట్లనే. మా అమ్మ పొడస్తాంటే ఇది పక్కన కూచోని ఒకటి, రెండు, మూడు అని అరుస్తాండె. నాకు సూది కంటే దీని గొంతే నొప్పి."

మా అమ్మ చెయ్యి పట్టే తీరు నా చేతులకు ఇంకా తెలుసు. పైన వేలు పెట్టకూడదు. కింద నుంచి పట్టుకుని, తోలునంతా మెల్లగా వెనక్కి కూడదీయాలి. అప్పుడు పైభాగం తనంతట తానే చదును అవుతుంది. గీరుకోదు, చినగదు. చెల్లెలి మోచేతిని కొద్దిగా చాపి అట్లే పట్టుకున్నాను. వంకర తిరిగిన కాడ నిలువుగా నిలబడింది. ముడత విప్పుకుని ఒక గింజ రెండైంది. ఇంకో చోట ఇంకొకటి. మణికట్టు దగ్గర ఒకటి మడత అడుగు నుంచి పైకి వచ్చింది. మనవరాలు ఊపిరి బిగబట్టి వంగింది.

నేను పైకి లెక్కపెట్టాను. పదకొండు. పదకొండు. కొసన ఒకటి.

"ఇరవై నాలుగు" అంది చెల్లెలు.

"ఇరవై మూడు. ఆ బయటిది లెక్కలోకి రాదు. నువ్వు చెయ్యి లాక్కుంటే పడింది."

"నువ్వు గట్టిగా అరిస్తే లాక్కున్నా. అమ్మ ఏమనింది? పిట్ట ఎత్తుకపోతాండే గింజ, ఉండనీ అనింది. అది నాది. ఆ నర్సమ్మకు మీ ఇరవై మూడు ఇచ్చుకోండి. నా గింజ నేను ఎవరికీ ఇయ్య."

మనవరాలు నవ్వాపుకోలేక స్టెన్సిల్ కాగితం పట్టుకుని ఒక్క నిమిషం ఆగింది. తర్వాత, నేను చెయ్యి కదలకుండా పట్టుకుంటే, కాగితం బరువు తప్ప ఇంకే ఒత్తిడీ పడకుండా దించింది. అంత తేలిక చెయ్యి మా అమ్మకు కూడా లేదని నేను అనుకున్నాను. బస్సులో తిరిగి వస్తూ ఆ మాట దానికి చెప్పాను కూడా. కిటికీ వైపు తిరిగింది.

ఆదివారం చర్చి అయ్యాక నర్సు ప్రొద్దుటూరు అంగడికి వచ్చింది. మిషను శబ్దం తేనెటీగ లాగా ఉంది. నేను పక్కన స్టూలు మీద కూచున్నాను. నన్ను ఎవరూ అడగలేదు, మొదటి గింజ పడగానే నోట్లోంచి "ఒకటి" అని వచ్చింది. మనవరాలు తల ఎత్తకుండానే "పెట్టవ్వా, ఆపొద్దు" అంది. ఏడో గింజకు నర్సు కళ్లు మూసుకుంది. పద్నాలుగు దగ్గర, "ఇంకా తొమ్మిదేనమ్మా" అన్నాను, అమ్మ నాతో అనిపించినట్టే. ఇరవై మూడు అన్నప్పుడు మిషను ఆగింది. నర్సు చెయ్యి పైకెత్తి, వాళ్ల జేజి చూపించిన తీరున, అద్దం ముందు కాసేపు పట్టుకుంది. తర్వాత కూచుని ఏడ్చింది. నొప్పికి కాదని మాకు తెలుసు.

నా బతుకులో గర్వపడిన రోజులు ఎన్నో లేవు, ఉన్నవాటికి తేదీలు నా దగ్గర ఉన్నాయి. అందులో ఇది అన్నిటికంటే పెద్దది. మా అమ్మ గండిలో మెట్ల పక్కన నేల మీద కూచుని పొడిచిన కంకి, బంగారు వీధిలో మేడ మీద, గ్లవుజులు తొడుక్కున్న చేతులతో, ఒక్క గింజ తేడా లేకుండా పడింది.

ఇక మనవరాలి చేతి మీది వంకర కంకి మిగిలింది. దాన్ని మూసెయ్యమని నేను చెప్పాను. మీద నల్లగా ఏ ఆకో తీగో వేస్తే కనబడదు, అట్లా పది మందికి చేసింది కూడా. "చూస్తాలే అవ్వా" అనేది. తప్పు బొమ్మ చేతి మీద పెట్టుకుని అంగట్లో కూచుంటే గిరాకీలు ఏమనుకుంటారని మళ్లీ అన్నాను. అప్పుడూ అదే మాట.

కార్తీకంలో చెల్లెలు పోయింది. నేను జమ్మలమడుగు చేరేసరికి నీళ్లు పోసి పడుకోబెట్టారు. చెయ్యి చీర కొంగు కింద ఉంది. తీసి చూశాను. తోలు వదులై, కంకి మళ్లీ వంకర తిరిగి ఉంది. పట్టి చదును చేయబోయి మానుకున్నాను. మనవరాలు నా పక్కన వచ్చి కూచుని, తన ఎడమ చెయ్యి దాని చెయ్యి పక్కన పెట్టింది. అదే వంకర. అవే ఇరవై ఒకటి. బయటి గింజ అదే చోట.

ఆ తర్వాత మూసెయ్యమని నేను అనలేదు. ఇప్పుడు మనవరాలు పులివెందుల వచ్చినప్పుడు ముందు ఆ చెయ్యి ఇమ్మని అడుగుతాను. ఇరవై ఒకటీ లెక్కపెట్టి, ఆ తర్వాత టీ పెడతాను.

పోయినవాటి లెక్క. చెల్లెలు. దాని చేతి మీద అమ్మ పొడిచిన కంకి. అమ్మ సూదులు మూడు, ఇల్లు మారినప్పుడు. నర్సు వాళ్ల జేజి చెయ్యి. అమ్మ పొడిచిన తేలు, తొట్టెల: ఈ రెండింటికీ చుక్కలు ఎన్నో నాకు తెలుసు, ఎట్లా ఉంటాయో చూపించడానికి చెయ్యి ఒక్కటీ మిగల్లేదు.