పగిలిన దూలం కోసం పినపాక దాకా

ఆ ఏప్రిల్ శనివారం ఉదయం ఐదూ నలభైకి వైరాలో ఖమ్మం బస్సెక్కాను. సంచిలో నీళ్ల సీసా, నాలుగు ఇడ్లీలు, ఒక పాత తెరచాప పడవ బొమ్మ గీసుకున్న కాగితం ఉన్నాయి. మా తాత దానియేలు ఒకప్పుడు గోదావరి మీద ఆ పడవకు సరంగు. ఒక వానాకాలం అది మునిగి ఒకామె చనిపోయింది. తాత తాగి చుక్కాని వదిలేశాడని అందరూ అన్నారు. ఆయన కాదనీ అనలేదు, అవుననీ అనలేదు. మా నాన్న ఇప్పటికీ గోదావరి వైపు వెళ్లడు.

ఆ పడవ భద్రాచలం రేవు దగ్గర షెడ్డులో ఏళ్లుగా పడి ఉంది. దాన్ని బాగుచేయించి, రోడ్డు లేని ఒడ్డు ఊళ్లకు డాక్టరును పంపాలని మా చర్చి సంఘం పెద్దలు అనుకున్నారు. పని ఒప్పుకున్న వడ్రంగి బ్రహ్మయ్య నాకు ఒక చిక్కు చెప్పాడు.

"టీచరమ్మా, అడుగంతా తారు పూసి రేకు కొట్టిన్రు. లోపల అడుగు పొడుగునా ఉన్న దూలం ఎన్నడన్న విరిగిందో లేదో కనవడ్తలేదు. విరిగిందైతే నీళ్లల్ల దింపొద్దు. రేకు మొత్తం పీకితే పలకలు ఆగవు. ఎరుకున్నోళ్లను అడిగి జల్దీ చెప్పుండ్రి."

ఆనాటి ప్రయాణికుల్లో బతికి ఉన్నది రాములమ్మ ఒక్కతే అని పాస్టరుగారి ద్వారా తెలిసింది. ఊరు పినపాక అవతల, ఏటి ఒడ్డున. చనిపోయింది ఆమె తల్లి. ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలో నాకు తెలియలేదు.

ఆరూ నలభై అయిదుకు ఖమ్మంలో మణుగూరు బస్సు దొరికింది. పక్క సీట్లో ఒక గని కార్మికుడు కూర్చున్నాడు. ఎక్కడికని అడిగితే చెప్పాను.

"పాత పడవ కోసం గింత దూరమా? దాన్ని అడిగితే చెప్తదా ఏంది?" అని నవ్వాడు.

పాల్వంచ దాటాక అడవిలో నక్సలైట్ల కోసం తనిఖీ చేస్తూ పోలీసులు బస్సు ఆపి అందరినీ దింపారు. నా సంచిలోని కాగితం విప్పి ఒక జవాను చాలాసేపు చూశాడు. "ఏంది మేడం ఇది, మ్యాపా?" అన్నాడు. పడవ అడుగు భాగం అని చెబుతుంటే నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది. గని కార్మికుడు ముందుకొచ్చి, "అవ్ సార్, పొద్దటి సంది పడవ ముచ్చటే చెప్తున్నది" అన్నాడు. కాగితం తిరిగి ఇచ్చేశారు. మళ్లీ ఎక్కి కూర్చున్నాక దాన్ని మడిచి సంచి అడుగున పెట్టుకున్నాను. ఇడ్లీలు ముట్టలేకపోయాను.

పదకొండుకు మణుగూరు, అక్కడి నుంచి ఆటోల్లో పినపాక మీదుగా ఆ ఊరు చేరేసరికి పన్నెండున్నర. ఈ దారిన వెళ్లేవాళ్లు తిరుగు ఆటోను ముందే మాట్లాడుకోవాలి, ఎండలో మరొకటి రాదు.

రాములమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. నా పేరు, తాత పేరు చెప్పాను. ఆమె చేయి ఆగిపోయింది.

"దానియేలు మనవరాలివా? కూసో బిడ్డా."

"అవ్వా, ఆ రోజు మా తాత తాగి ఉన్నాడా?"

"ఎవలన్నరు? మంచిగనే ఉండె. పొద్దుగాల రేవుల పడవ షావుకారితోని కొట్లాడిండు. తెరచాప కొయ్య కింద దూలం పగిలింది, పడవ తియ్యనన్నడు. నువ్వు పోకుంటే ఇంకొకడు పోతడన్నడు షావుకారు. అప్పుడు మీ తాత ఎక్కిండు. ఎరికుండి మమ్మల్నీ ఎక్కించుకున్నడు. గది నేను మర్వలే."

నేను తల దించుకున్నాను. ఆమె ఆపలేదు.

"షావుకారు నింపిన వెదురు బరువుకు పడవ నడుమ విరిగింది. నన్ను ఒడ్డుకు తెచ్చి పడేసిండు. మల్ల దుంకి మా మేనత్తను తెచ్చిండు. మా అమ్మ కోసం మూడోసారి దుంకిండు. దొరకలే. మా కాళ్ల కాడ కూసొని గజగజ వణికిండు. అప్పటి సంది కోపం ఎవల మీద పెట్టుకోవాల్నో నాకు తెల్వలే."

ఆమె ఇచ్చిన మజ్జిగ తాగి, చేతులు పట్టుకుని లేచాను. షావుకారు ఆ తర్వాత విరిగిన పడవను లాగించి, అతుకు వేయించి ఎవరికో అమ్మేశాడట.

నాలుగూ పదికి భద్రాచలంలో ఉన్నాను. బ్రహ్మయ్య తెరచాప కొయ్య నిలిచే చోట మాత్రమే జానెడు రేకు లేపి, తారు గీకాడు. దూలం అడ్డంగా రెండుగా విరిగి, తుప్పు పట్టిన ఇనుప పట్టీలతో కలిపి ఉంది. ఉలితో తట్టగానే పట్టీ పొడిపొడిగా రాలింది. ఆయన ఉలి కింద పెట్టాడు.

"డాక్టరుతోని కలిపి అందర్ని ముంచుదును. గింత పొడుగు టేకు దుంగ ఇప్పుడు దొరకది. ఒడ్డు మీదనే ఉండనియ్యుండ్రి" అన్నాడు. రేవు దగ్గరి బూతు నుంచే పెద్దలకు ఫోన్ చేశాం. డాక్టరు కోసం ఇంజను పడవ చూద్దామన్నారు.

ఐదూ పావుకు ఖమ్మం బస్సెక్కాను. తాత తప్పు లేదని ఒక్క మాట నాన్నకు చెప్పగలిగితే చాలని పొద్దున బయలుదేరాను. ఇప్పుడు ఆ మాట సగమే నిజం. మిగతా సగం దాచుకోవచ్చు, రాములమ్మను నాన్న ఎప్పుడూ కలవడు. అడవి దాటేవరకూ దాచుదామనే అనుకున్నాను.

కొత్తగూడెంలో బస్సు పది నిమిషాలు ఆగింది. ఎస్టీడీ బూతులోకి వెళ్లి రాములమ్మ అన్నదంతా నాన్నకు చెప్పాను. తాగలేదని, దూలం పగిలిందని తెలిసే పడవ తీశాడని, మూడుసార్లు నీళ్లలోకి దూకాడని చెప్పాను.

డ్రైవరు హారన్ కొట్టాడు.

"మూడోసారి గూడ దుంకిండా?" అన్నాడు నాన్న.

"అవ్, నాన్నా."

"ఆ అవ్వ ఊరికి బస్సు ఎన్నింటికి?"