అత్తల భయం

మా నాన్న అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాడు. ఇరవై రెండేళ్లుగా అదే పని, అదే కుర్చీ, అదే ఎర్ర పెన్ను. మనిషి మంచివాడే గాని, చదవడం మొదలుపెడితే భరించలేం. దగ్గుమందు కాగితం మీద "రెండు చెంచాలు" అనాల్సింది "రెండు చెంబులు" అని పడితే, దగ్గుతూనే ముందు అది దిద్ది, తర్వాతే మందు తాగాడు. నా ప్రోగ్రెస్ కార్డులో మార్కుల సంగతి వదిలేసి, టీచరు రాసిన వాక్యానికి ఒత్తు పెట్టి పంపాడు. ఆ ఒత్తు వల్ల నేను పడ్డ పాట్లు ఇక్కడ చెప్పను.

అలాంటి మనిషి చేతికి మనస్తత్వశాస్త్ర పదాల నిఘంటువు వచ్చింది. రాసినాయన పేరున్న మనోవైద్యుడు, మహా చాదస్తుడు. "ఇందులో ఒక్క తప్పు దొర్లినా మర్నాటి నుంచి మీరు రానక్కర్లేదు" అని ఓనరు ముందే చెప్పేశాడు.

ఇక చూడండి మా ఇంటి తిప్పలు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నాన్న ఏ పదం దిద్దితే ఆ జబ్బు తెచ్చుకునేవాడు. 'అతిశుభ్రత' దిద్దిన రోజు చేతులు పదిసార్లు కడిగాడు. 'మతిమరుపు' దిద్దిన రోజు కళ్లజోడు పెట్టుకునే కళ్లజోడు వెతికి, "చూశావా, మొదలైంది" అని అమ్మతో అన్నాడు.

"మీకది పెళ్లయిన నాటి నుంచీ ఉంది" అంది అమ్మ.

మాతోనే ఉండే అమ్మమ్మ హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైంది. బడి వదిలింది గాని గొంతు వదల్లేదు. ఆవిడ ముందు నాన్న కుర్చీలో వెనక్కి వాలి కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు.

పుస్తకం అచ్చయి వచ్చింది. మొదటి కాపీ అమ్మమ్మ చేతిలో పడింది. గంట తిరక్కుండా పిలుపొచ్చింది.

"అల్లుడుగారూ, 'ఎ' అక్షరం కింద ఇదేమిటి? అత్తల భయం: చేరువకు వెళ్లగానే చెమటలు పట్టడం, కాళ్లు వణకడం, గొంతు తడారిపోవడం, ఎలాగైనా అక్కడి నుంచి బయటపడాలనే ఆత్రం."

"ఎత్తుల భయం అని ఉండాలండి" అన్నాడు నాన్న చెమట తుడుచుకుంటూ. ఎత్తులకు బదులు అత్తలు పడ్డారు. కొంప మునిగింది.

"తప్పు చేసినవాళ్లు తామే వెళ్లి ఒప్పుకోవాలి. పదండి" అంది అమ్మమ్మ, చెప్పులు వేసుకుంటూ. చోద్యం చూద్దామని నేనూ వెంటబడ్డాను. నిజం చెప్పాలంటే, నాన్న ఉద్యోగం పోతుందేమోనని ఏడుపు కూడా వస్తోంది.

ఓనరు ఆ పేజీ చూసి మొహం మాడ్చుకున్నాడు. "మూడుసార్లు ప్రూఫు చూశారు కదండీ. ఇంత తప్పు ఎలా కనపడలేదు?"

నాన్న ఓనరుని చూశాడు, పక్కనే నిలబడ్డ అమ్మమ్మని చూశాడు. చివరికి నిజమే చెప్పాడు.

"మూడుసార్లూ చదివానండి. లక్షణాలన్నీ సరిపోయాయి. అందుకని తప్పనిపించలేదు."

నేను అమ్మమ్మ వైపు చూడలేదు. ఆ జబ్బు నాకూ కొంచెం ఉంది.

ఓనరు పుస్తకం మెల్లగా మూశాడు. "చివరి ప్రూఫు నేనూ చూశానండి" అన్నాడు గొంతు తగ్గించి. "మా అత్తగారు వచ్చి రెండు నెలలైంది. నాకూ సరిగ్గానే ఉందనిపించింది."

ఇక ఎవర్ని ఎవరు తీసేస్తారు? సవరణ చీటీ వేసి ప్రతి కాపీలోనూ అంటించాలని తేల్చారు.

ఇంటిదారి పట్టాం. వీధి మలుపు తిరిగాక అమ్మమ్మ అంది, "మా అత్తగారి ముందు నాకూ ఇలాగే ఉండేది. దానికో పేరుందని ఇవాళే తెలిసింది."

"పేరు లేదండి అత్తయ్యగారూ. అది అచ్చుతప్పు" అన్నాడు నాన్న. ఆవిడ మాట దిద్దడం అదే మొదటిసారి. అమ్మమ్మ నవ్వింది. నాకెంత హాయిగా అనిపించిందో.

మా ఇంటి కాపీలో మాత్రం ఆవిడ చీటీ అంటించనివ్వలేదు. ఆ పదం కింద పెన్సిల్‌తో "చికిత్స: అత్తగారు గదిలోకి వచ్చేముందు దగ్గవలెను" అని రాసుకుంది. ఆనాటి నుంచి మానకుండా దగ్గిన తర్వాతే గదిలోకి వస్తోంది. నాన్నకి ఇప్పుడు ఎవరు దగ్గినా చెమటలు పడుతున్నాయి.